పోస్టు కాని కవరు: రచయిత్రి జాండీ నెల్సన్ గారికి బహిరంగ లేఖ



నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారిని. మీ నవల 'ఐల్ గివ్ యు ద సన్' గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. 2014లో వచ్చిన పుస్తకం గురించి ఇన్నేళ్లకు ఎందుకని మీకు అనిపించవచ్చు. బొమ్మలు వేసే పిల్లలకు ఇవ్వదగ్గ నవల ఏదైనా ఉందా అని వెతికేవాళ్లకు ఇప్పటికీ ముందుగా వినిపించే పేర్లలో మీ పుస్తకం ఒకటి. 2015లో టీనేజీ సాహిత్యానికిచ్చే ప్రింట్జ్ అవార్డు కూడా అందుకుంది కాబట్టి ఆ పేరుకు బలం ఎక్కువ. నేనూ అలా వెతుక్కుంటూనే దాని దగ్గరికి వచ్చాను. ఎంతో ఆశతో మొదలుపెట్టాను, సగం దాకా ఆ ఆశ చెదరలేదు, చివరికి మనసు కష్టపెట్టుకుని మూసేశాను. ఎందుకు కష్టమనిపించిందో మీకే చెప్పాలి. నలుగురి ముందూ చెప్పడం దేనికంటే, ఇంట్లో బొమ్మలేసే పిల్లో పిల్లాడో ఉన్న అమ్మానాన్నలూ, బడి లైబ్రరీకి పుస్తకాలు ఎంచే టీచర్లూ ఈ మాట వినాలని.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఉత్తర కాలిఫోర్నియా సముద్రతీరాన లాస్ట్ కోవ్ అని మీరు ఊహించిన ఊరు. నోవా, జూడ్ కవలలు. తల్లి డయానా కళావిమర్శకురాలు, తండ్రి సైంటిస్టు. అక్కడి ఆర్ట్ స్కూల్లో పిల్లలిద్దరికీ సీట్లు రావాలని తల్లి కోరిక. పదమూడు పద్నాలుగేళ్లప్పటి సంగతులు నోవా చెబుతాడు, పదహారేళ్లప్పటివి జూడ్ చెబుతుంది. ఆ రెండు కాలాల మధ్య తల్లి కారు ప్రమాదంలో పోతుంది. సీటు జూడ్‌కి వస్తుంది, నోవాకి రాదు, అతను బొమ్మలు మానేస్తాడు. జూడ్‌కి చనిపోయిన నానమ్మ కనిపించి మాట్లాడుతూ ఉంటుంది. స్కూల్లో తను చేసిన మట్టిబొమ్మలన్నీ పగిలిపోతుంటే చనిపోయిన అమ్మే వాటిని పగలగొడుతోందని ఆ పిల్ల నమ్ముతుంది. దెయ్యం కూడా పగలగొట్టలేనిదేదైనా చెయ్యాలంటే రాయి చెక్కాలని, గియెర్మో గార్సియా అనే శిల్పి దగ్గరికి వెళ్తుంది. ఎంత గొప్ప ఎత్తుగడ! తల్లి మీద భయమూ ప్రేమా కలిసి ఒక పిల్లను మట్టి నుంచి రాతి దగ్గరికి నడిపించడం. ఇక్కడిదాకా మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చేవాణ్ణి.

మీకు నేను రుణపడి ఉన్నది నోవా కిటికీ దగ్గర నిలబడిన ఘట్టానికి. తనకింకా చోటులేని ఆర్ట్ స్కూల్ బయట, కిటికీ పక్కన దాక్కుని, లోపల లైఫ్ డ్రాయింగ్ క్లాసులో మోడల్‌ని చూసి తన స్కెచ్ పుస్తకంలో గీసుకుంటాడు. ఆ పేజీలు నాకు బాగా తెలిసిన పిల్లలవి. మా దగ్గర డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చేరాలని కలలు కని, ఇంట్లో ఒప్పుకోక కిటికీ ఇవతలే ఉండిపోయినవాళ్లను చూస్తూనే ఉన్నాను. అలాంటి పిల్లాడి ఆకలిని మీరు ఏమాత్రం జాలి పడకుండా రాశారు. బేస్‌బాల్ ఆడే, ఉల్కారాళ్లు ఏరుకునే బ్రయన్ మీద నోవాకున్న ప్రేమనీ, అది బయటపడితే ఏమవుతుందోనన్న భయాన్నీ కూడా అంతే నిజంగా రాశారు. తల్లి మెప్పు కోసం కవలలు ఒకరినొకరు లోలోపల తోసుకోవడం ఈ నవలలో అన్నిటికన్నా పదునైన సంగతి.

ఇంత చేయగలిగినవారు బొమ్మ వేయడాన్ని మాత్రం ఎందుకు వదిలేశారు?

నోవా ఏం జరిగినా మనసులో ఒక చిత్రం ఊహించుకుంటాడు. ఆ ఊహాచిత్రాలకు పేర్లు పెడతాడు, ఆ పేర్లు కథ పొడుగునా వస్తుంటాయి. మొదట్లో నాకు భలే ఆనందం వేసింది. మీరు కవిత్వం చదువుకున్నవారు, ఆ పేర్లలో ఆ చదువు తెలుస్తుంది. కానీ పోనుపోను అవి చిత్రాలుగా కనిపించడం మానేశాయి. నోవాకి కోపం వస్తే కోపం పేరుతో ఒక చిత్రం, గుండె పగిలితే గుండె పేరుతో ఇంకొకటి. అనిపించిన మరుక్షణం చిత్రం పూర్తయిపోతుంది. బొమ్మ అనేది అలా పూర్తవదు కదా. కాగితం ఎంత పెద్దది, మొదటి గీత ఎక్కడ పడింది, భుజం దగ్గర కొలత ఎందుకు తప్పింది, రబ్బరుతో ఎన్నిసార్లు తుడిస్తే కాగితం పొర లేచిపోయింది, నీడ ఎక్కడ ఆపాలో తెలియక మొత్తం నల్లగా ఎలా అయిపోయింది, ఇవన్నీ బొమ్మే. నోవా చెయ్యి తప్పుగా కదలడం, ఆ తప్పుతో అతను ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టడం చూడాలని నేను పేజీలు తిప్పుతూ పోయాను. అతని భావాలు నాకు కావలసినన్ని దొరికాయి, చెయ్యి మాత్రం దొరకలేదు.

ఇది టీనేజీ నవలలో కుదిరేది కాదని నేను ఒప్పుకోను. మీ దేశంలోనే, మీ పిల్లల కోసమే రాసిన లారీ హాల్స్ ఆండర్సన్ 'స్పీక్' 1999లో వచ్చింది. అందులో మెలిండా అనే అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరుతుంది. తన మీద జరిగిన అత్యాచారం గురించి ఎవరికీ చెప్పుకోలేక మాటే మానేస్తుంది. ఆర్ట్ క్లాసులో ఒక చీటీ తీస్తే దాని మీద చెట్టు అని ఉంటుంది. ఆ సంవత్సరమంతా ఆ ఒక్క చెట్టు మీదే పనిచేయాలి. ఆమెకు చెట్టు రాదు. లినోలియం మీద చెక్కితే రాదు, రంగులేస్తే రాదు, మళ్లీ మళ్లీ చచ్చుచెట్లే వస్తాయి. పండగనాడు మిగిలిపోయిన టర్కీ కోడి ఎముకలతో ఒక వింత శిల్పం చేస్తుంది, అది చూసి మాస్టారు ఆగిపోతారు. ఆ పుస్తకంలో మాయ ఒక్క చుక్క లేదు. అయినా ఆ చెట్టు చివరికి ఎలా వచ్చిందో చదువుతుంటే నా ఒళ్లు జలదరించింది. ఎన్ని చెట్లు చెడిపోయాక ఆ చెట్టు వచ్చిందో అప్పటిదాకా నేను పక్కనే ఉండి చూశాను కాబట్టి.

రాతి విషయంలో నా నిరాశ ఇంకా ఎక్కువ. మా రాయలసీమలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డ అనే ఊరుంది. గుళ్లకు విగ్రహాలు చెక్కే శిల్పుల ఊరని తెలుగువాళ్లకు తెలుసు. రాతిపని చేసేవాళ్లు రాయిని ముందు చెవితో పరీక్షిస్తారు. సుత్తితో తడితే గంటలా మోగే రాయి గట్టిది, మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులుంది. రాయి మీద గీతలు గీసుకుని చెక్కడం మొదలుపెడతారు. చెక్కేకొద్దీ ఆ గీతలు రాతితోపాటే రాలిపోతాయి, మళ్లీ గీసుకుంటారు, మళ్లీ రాలిపోతాయి. ముక్కు దగ్గర కాస్త ఎక్కువ పోతే దాన్ని తిరిగి అతికించలేరు, ముఖం మొత్తాన్ని లోపలికి జరుపుకోవాలి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనిషిని లోపల్నుంచే తినేస్తుంది. కోత మిషన్లు వచ్చాక పని త్వరగా అవుతోంది, దుమ్ము మరీ సన్నగా లేస్తోంది.

జూడ్ రాయి చెక్కుతుందని తెలియగానే ఈ ప్రపంచమంతా కాలిఫోర్నియా వేషంలో చూడబోతున్నానని సంబరపడ్డాను. గియెర్మో స్టూడియోలో ఆ దుమ్ము, ఆ చప్పుడు, భయపెట్టే ఆ పెద్ద పెద్ద రాతిమనుషులు కాసేపు ఉంటారు. ఆ కాసేపూ నవల ఊపిరి తీసుకుంటుంది. అంతలో ఆస్కర్ అనే ఇంగ్లీషు కుర్రాడు వస్తాడు, ప్రేమ వస్తుంది, రహస్యాలు బయటపడతాయి, రాయి వెనక్కి వెళ్లిపోతుంది. మళ్లీ మనం చూసేసరికి బొమ్మ సిద్ధంగా ఉంటుంది. రాతిలో ముందే ఒక రూపం నిద్రపోతూ ఉంటుందని, శిల్పి చేసేదల్లా దాన్ని విడిపించడమేనని మైకెలాంజిలో పేరు చెప్పి తరతరాలుగా అనుకుంటూ వస్తున్న మాటకే మీ కథ కూడా కట్టుబడింది.

ఆ మైకెలాంజిలో పనినే చూడండి. 'డేవిడ్' చెక్కిన పాలరాయి ఆయన కోసం ఎదురుచూస్తూ నిద్రపోయిన రాయి కాదు. 1464లో అగోస్టినో ది దుచ్చో అనే శిల్పి మొదలుపెట్టి వదిలేసినది. తర్వాత ఇంకొకరి చేతికి ఇచ్చినా పని సాగలేదు. దశాబ్దాలపాటు ఫ్లోరెన్స్ పెద్ద చర్చి ఆవరణలో ఎండకీ వానకీ పడి ఉంది. పొడుగెక్కువ, లోతు తక్కువ, పైగా అప్పటికే ఒకరి ఉలి దెబ్బలు తిన్నది. 1501లో ఇరవై ఆరేళ్ల మైకెలాంజిలో ఆ పాడైన రాయినే ఒప్పుకున్నాడు. ఇంకొకడు చేసి వెళ్లిన తప్పుల మధ్య మిగిలిన చోటులోనే 17 అడుగుల మనిషిని నిలబెట్టి 1504కి పూర్తిచేశాడు. పోప్ రెండో జూలియస్ సమాధి కోసం మొదలుపెట్టి పూర్తిచేయని 'బందీలు' ఇప్పుడు అదే ఊళ్లో అకాడెమియా మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద పళ్ల ఉలి గీసిన చాళ్లు ఇవాళ్టికీ కనిపిస్తాయి. జూడ్ వయసు పిల్లకు మీరు చెప్పగలిగిన అతి గొప్ప సంగతి ఇక్కడుంది: ఎవరో పాడుచేసి పోయిన రాతితోనూ పని చెయ్యొచ్చు. ఆ పిల్ల ఇల్లు కూడా అలాంటిదే కదా.

ఇక మాయ సంగతి. మాయా వాస్తవికత అంటే నాకు అయిష్టం ఏమీ లేదు. చచ్చిపోయినవాళ్లు కలలో వచ్చి మాట్లాడటం, పూనకంలో చుట్టం గొంతు వినిపించడం మా ఇళ్లలో వింతేమీ కాదు. జూడ్ నానమ్మ పాత్ర, ఆవిడ రాసిపెట్టుకున్న శకునాల పుస్తకం నాకు ముద్దుగానే ఉన్నాయి. బాధేమిటంటే, ఈ నవలలో మాయ చేసే పని తలుపులు తెరవడమే. నోవా ఆ కిటికీలోంచి చూసి గీసిన ఇంగ్లీషు కుర్రాడి బొమ్మ కోసం జూడ్ ప్రపంచంలో తన వాటాకొచ్చిన వాటిని దాదాపు అన్నీ ధారపోస్తుంది. కొన్నేళ్లకు ఆ కుర్రాడే ఎదురవుతాడు. ఆమె వెతుక్కుంటూ వెళ్లిన గురువే చనిపోయిన తల్లి ప్రేమించిన మనిషి. అందరి దారాలూ వచ్చి ఒకే స్టూడియోలో ముడిపడతాయి. విధి ఇంత శ్రద్ధగా పనిచేస్తుంటే మనుషులకు చేయడానికేం మిగులుతుంది?

గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ 1967 నాటి 'వందేళ్ల ఏకాంతం'లో ఒక అందగత్తె దుప్పట్లతో సహా ఆకాశంలోకి వెళ్లిపోతుంది. అదే పుస్తకంలో కల్నల్ అవురేలియానో యుద్ధాలన్నీ అయ్యాక వర్క్‌షాపులో కూర్చుని బంగారంతో చిన్న చిన్న చేపలు చేస్తాడు. రోజుకు రెండు. ఇరవై ఐదు కాగానే కరిగించి మళ్లీ మొదలుపెడతాడు. ఆ చేపలు ఎవరికీ మోక్షం ఇవ్వవు. ఓడిపోయిన మనిషి చేతులు ఏం చేస్తాయో మాత్రం మనకు తెలుస్తుంది. అరటితోట కార్మికుల మీద కాల్పులు జరిపించి, అసలేమీ జరగలేదని దబాయించిన అధికారాన్ని కూడా ఆ మాయే మన కళ్ల ముందు నిలబెడుతుంది. మీ శిల్పి కూడా కొలంబియా మనిషే, పేరులో గార్సియా కూడా ఉంది. ఆ పేరు చూడగానే నా మనసు ఎటు పోయిందో మీకు చెప్పక్కర్లేదు. తీరా చూస్తే గియెర్మో అరుస్తాడు, తాగుతాడు, ఏడుస్తాడు, విరిగిన ఇంగ్లీషులో గొప్ప మాటలు చెబుతాడు, ఒక అమెరికన్ కుటుంబం గాయాలు మానడానికి ఉపయోగపడతాడు. అతని సొంత దేశం, అక్కడ అతను వదిలి వచ్చినవి అతని భుజాల మీద బరువుగా నాకు తగల్లేదు. పిడుగులాంటి లాటిన్ అమెరికా మేధావి అనే పాత మూసలోకి అంత పెద్ద మనిషిని కుదించడం నాకు నచ్చలేదు.

అసలైన మాట ఇప్పుడు చెబుతాను. మీ నవలలో అన్నిటికన్నా నిజమైన వస్తువు ఒక కవరు. నోవా దరఖాస్తు ఉన్న కవరు. పోస్టు చెయ్యమని తల్లి జూడ్ చేతికి ఇస్తుంది, జూడ్ తనది పంపుతుంది, నోవాది పంపదు. తల్లి చూపంతా నోవా బొమ్మల మీదే ఉందన్న అసూయతో చేసిన పని అది. స్కూలే తనని వద్దందని నోవా ఏళ్లపాటు అనుకుంటాడు, చేతిలోంచి బ్రష్షు జారవిడుస్తాడు. ఇందులో దెయ్యం లేదు, జోస్యం లేదు. ఒక పిల్ల, ఒక అసూయ, పంపని కాగితాలు. ఇది నిజంగా జరిగే పని. తోటివాడి బొమ్మ మీద కావాలనే నీళ్లు ఒలకబోసిన పిల్లలను నేను చూశాను, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోవడమూ చూశాను. తోబుట్టువుల మధ్య ఇంత పెద్ద ద్రోహం జరిగాక క్షమించడానికి ఎంత కాలం పడుతుంది, అసలు క్షమించగలరా, క్షమించినా పోయిన రెండేళ్ల బొమ్మలు ఎవరు తెచ్చిస్తారు? నవల మొత్తాన్నీ మోయగల ప్రశ్నలివి. ఆ నిజం బయటపడే సమయానికి మీ కథలో ఒకదాని మీద ఒకటిగా ఎన్నో రహస్యాలు బద్దలవుతుంటాయి. ఆ హోరులో ఇది కూడా కొట్టుకుపోతుంది. నోవా కోపానికి దక్కవలసినంత చోటు దక్కలేదు. ఆ పిల్లవాడి తరఫున నాకు చాలా కోపం వచ్చింది.

కళ అందరి గాయాలనూ మాన్పుతుందన్న నమ్మకం మీ నవలకు ప్రాణం. దాన్ని నేను పిల్లలకు అంత తేలిగ్గా చెప్పలేను. చైమ్ పోటోక్ 1972లో రాసిన 'మై నేమ్ ఈజ్ ఆషర్ లెవ్'లో బ్రూక్లిన్‌లోని నిష్ఠగల యూదు కుటుంబపు కుర్రాడు గొప్ప చిత్రకారుడవుతాడు. తల్లి ఏళ్ల తరబడి కిటికీ దగ్గర నిలబడి పడ్డ వేదనను చిత్రించడానికి అతనికి శిలువ తప్ప ఇంకో రూపం దొరకదు. ఆ చిత్రం గొప్పది. అదే అతని అమ్మానాన్నల గుండె చీలుస్తుంది, అతను తన వాళ్లను వదిలి దూరంగా వెళ్లాల్సి వస్తుంది. బొమ్మ వేసినవాడు ప్రేమించినవాళ్లనే నొప్పించవచ్చునని ఆ పుస్తకం దాచిపెట్టదు. అది చదివి బెదిరిపోయి బొమ్మలు మానేస్తారని పిల్లల గురించి నేను అనుకోను. వాళ్లు మనం అనుకునేదానికన్నా గట్టివాళ్లు.

నా క్లాసులో పిల్లలు తరచూ అడిగే మాట ఒకటుంది: "సార్, నాకు టాలెంట్ ఉందా?" మీ నవల చదివితే దానికి జవాబు పుట్టుకతోనే రాసిపెట్టి ఉన్నట్టు అనిపిస్తుంది. నోవా మేధావి, తల్లికి అది తెలుసు, ఆవిడ కళ తెలిసిన మనిషి కాబట్టి గుర్తించింది. మరి గుర్తించడానికి అలాంటి అమ్మ లేని పిల్ల ఏం చెయ్యాలి? ఇంటికి వెళ్లగానే గేదెల పని, చెల్లెలి పని ఉండి, రాత్రి అందరూ పడుకున్నాక గీసుకునే పిల్లకు మీ పుస్తకం ఏం చెబుతుంది? ఎవరో ఒక మహాశిల్పి ఒకనాడు ఎదురవుతాడనా? ఆమెకు రేపు ఉదయం పనికొచ్చే మాట కావాలి. నిన్న చెడిన బొమ్మను ఇవాళ ఎక్కణ్ణుంచి అందుకోవాలో చెప్పే మాట.

2024లో మీ కొత్త నవల వచ్చింది కాబట్టి మీరు ఇంకా రాస్తున్నారని, రాస్తారని నాకు తెలుసు. మళ్లీ ఎప్పుడైనా బొమ్మలేసే పిల్లల దగ్గరికి వస్తే, ఒక్క అధ్యాయం వాళ్ల చేతులకు ఇవ్వండి. నోవాలాంటి పిల్లవాడు ఒకే చెయ్యిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీసి, వేళ్లు కుదరక చించి పారేసి, ఆ చించిన ముక్కల్లో ఒకదాంట్లో మణికట్టు మాత్రం బాగా వచ్చిందని గమనించే అధ్యాయం. నానమ్మ దెయ్యం పక్కన కూర్చుని చూస్తే చూడనివ్వండి, సాయం మాత్రం చెయ్యనివ్వకండి.

మీ పుస్తకం మా బడి బీరువాలోనే ఉంటుంది. అడిగినవాళ్లకు ఇస్తాను. కిటికీ దగ్గర నోవా ఉన్న పేజీలు గట్టిగా చదివిస్తాను. జూడ్ పంపని ఆ దరఖాస్తు దగ్గరికి వచ్చాక పుస్తకం పక్కన పెట్టమని, నోవా ఆమెతో ఏం మాట్లాడి ఉండాలో వాళ్లనే రాసి తెమ్మని అడుగుతాను.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ మాస్టారు